అవ్వ పంపిన సంచి

నల్లగొండ జిల్లాలోని ఒక ఊరు. తమను పెంచిన అవ్వ బాలనర్సమ్మ చనిపోయి మూడో రోజు. సమాధి దగ్గర పిట్టకు ముద్ద పెట్టి వచ్చి, ఉమారాణి, ఆమె తమ్ముడు కమలాకర్ పెరటి గుమ్మం దగ్గర అన్నానికి కూర్చున్నారు.

“తింటలేవేంది, తమ్మీ?”

“తింటున్న గదక్కా.”

“ఒట్టి అన్నమే తింటున్నవు. చిక్కుడుకాయ పక్కకు జరిపినవు.”

“ఆకలి లేదు.”

“అవ్వ పెట్టిన చెట్టుది. పోయే ముందు రోజు గూడ దానికి పందిరి సక్కగ కట్టమని నా పానం తీసింది.”

“ఎట్ల చూసిందే? మంచంల నుంచి లేవకపాయె గదా.”

“లేవకపోతేంది, మంచమే తీస్కపోయి పెరట్ల ఎయ్యమనేది. పండుకొనే చెప్పేది, గా బీరతీగ ఎండిపోతాంది, గా వంగచెట్టుకు పురుగు పట్టింది అని. ఎనభై ఏండ్లల్ల ఒకరి పొలంల కూలి జేసుడే గాని, సొంతమని మన్ను ముట్టింది గీ రెండు గుంటల జాగల్నే గదా.”

“మనల్ని సాదింది గీ రెండు గుంటలే.”

“నడుము వంగినంక గూడ కలుపు ఇడవలే. పక్కింటి బిక్షమ్మ అడిగింది ఒకపారి, గిట్లుండి ఎట్ల తీస్తున్నవే పెద్దమ్మా అని. నాకు వేరేగ వంగే పని లేదు బిడ్డా, దేవుడే వంచి పెట్టిండు అన్నది.”

“నవ్విందా?”

“అవ్వ నవ్వింది. బిక్షమ్మ ఏడ్చింది.”

“దేవుడు వంచలే అక్కా. ఫ్లోరైడ్ నీళ్లు వంచినయి.”

“ఊరంతా తాగిన నీళ్లే గదా.”

“మనం తాగలే.”

“ఊఁ.”

“మనిద్దరం తాగలే. నా పండ్లు చూడు, నీ పండ్లు చూడు. మన ఈడోళ్లల్ల ఎవరివన్న తెల్లగున్నయా?”

“అమ్మ కాలం జేసినప్పుడు నువ్వు పాలు తాగే పిల్లగానివి. పక్కూరి బాయి నీళ్లయితే మంచియని ఎవరో చెప్పిన్రట. గప్పటిసంది మోసింది. పొద్దుగాల్నే పోయి రెండు బిందెలు.”

“ఎన్నేండ్లు?”

“నువ్వు చదువుకు పట్నం పోయేదాంక. పద్దెనిమిదేండ్లు.”

“తను తాగకపోయేదా ఆ నీళ్లు?”

“తను బోరింగు నీళ్లే తాగింది. అడిగితే, రెండు బిందెలు ముగ్గురికి ఎట్ల సరిపోతయి అనేది.”

“ఇంటింటికి నల్లా వచ్చింది గదా తర్వాత.”

“వచ్చింది. అప్పటికే ఎముకలు బిర్రుగ అయిపాయె. మెడ తిప్పరాకపాయె. దవాఖానకు తీస్కపోతే, ఇగ దీనికి మందు లేదమ్మా అన్నరు. జర తిను తమ్మీ, రెండు బుక్కలు.”

“నేను గీ కూర తినలేనక్కా. తినే మొఖం లేదు నాకు.”

“గట్ల మాట్లాడకు.”

“వారం వారం సంచి పంపేది గదా, లింగస్వామన్న బస్సుల.”

“పంపేది. పోయిన వారం గూడ పంపింది. వంకాయలు, పుంటికూర. లింగస్వామి కండక్టరు గాబట్టి ఫికర్ లేకుంట అందిస్తడనేది.”

“నేను ఒక్క సంచి గూడ ఇంటికి తీస్కపోలే.”

“బువ్వ చల్లారుతాంది.”

“ఇంటున్నవా అక్కా?”

“ఇంటున్న.”

“నీ మరదలు స్వర్ణ నీళ్లోసుకున్నప్పుడు, ఆమె తల్లిగారోళ్లు అన్నరు. గా ఊరి నీళ్లతోని పెరిగిన కూరగాయలు తింటే, కడుపుల బిడ్డ ఎముకలు గూడ గట్లనే అయితయని. నిజమో అబద్ధమో నాకేం తెలుసు. అవ్వ నడుమే కండ్ల ముందట కనవడేది. భయమైంది. మల్లిక పుట్టినంక గూడ ఆ భయం పోలే.”

“మరి ఏం చేసెటోనివి వాటిని?”

“అడగకక్కా.”

“చెప్పు.”

“ఎల్బీనగర్ల బస్సు కాడ సంచి తీసుకునుడు, రోడ్డు దాటి చెత్తకుండిల గుమ్మరిచ్చుడు. ఖాళీ సంచి మడతవెట్టి, మళ్లొచ్చే వారం లింగస్వామన్న చేతికిచ్చుడు. ఆరేండ్లు.”

“ఆరేండ్లు.”

“ఒకపారి మల్లికకని కనకాంబరాలు పెట్టింది, తడిగుడ్డల చుట్టి. పూలు ఎవరన్న తింటరా అక్కా? అవి గూడ పారేసిన.”

“ఇగ చాలు. చెప్పకు.”

“ఒక్కటే నిమ్మళం నాకు. అవ్వకు తెల్వకుంట పోయింది. పిల్లలు తింటున్నరని సంతోషంగ పోయింది. ఏమైంది? ఎందుకు లేస్తున్నవు?”

“నీళ్లు తెస్త.”

“చెంబు నిండ ఉన్నయి గదా. కూసో. అవ్వకు తెల్వది గదా, అక్కా?”

“మల్లికకు ఎన్నేండ్లు ఇప్పుడు?”

“ఐదు నిండినయి. నేనడిగిందానికి చెప్పు.”

“దాని మొదటి పుట్టినరోజుకు అవ్వ రాలేదని నీకు కోపమొచ్చింది, యాదికున్నదా?”

“మోకాళ్లు నొస్తున్నయంట, రాలేదంటివి నువ్వే.”

“వచ్చింది.”

“ఎక్కడికి?”

“ఎల్బీనగర్ దాంక. నీకు చెప్పకుంట వచ్చి ఒక్కసారే ఎదురుంగ నిలవడాలెనని, లింగస్వామి బస్సుల వెనక సీట్ల కూసొని వచ్చింది. నువ్వు ముందట తలుపు కాడ సంచి తీసుకున్నవు. ఆమె మెల్లగ లేసేటాల్లకు నువ్వు రోడ్డు దాటినవు. కిటికీలకెళ్లి చూసింది.”

“చూసిందా?”

“చూసింది. ఇగ దిగలే. లింగస్వామిని బతిమిలాడుకొని అదే బస్సుల తిరిగొచ్చింది. వచ్చి పెరట్ల కూసున్నది, ఎంత పిలిచినా లోపలికి రాకపాయె. తెల్లారినంక చెప్పింది. వాడు మన నీళ్లకు భయపడ్డడే, వాని తప్పేం లేదు అన్నది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది.”

“అప్పటికెళ్లి నాలుగేండ్లయితాంది.”

“ఊఁ.”

“సంచి ఒక్క వారం గూడ ఆగలే.”

“ఆగలే. లేవరాని కాలంల గూడ మంచం పక్కన చాట పెట్టిచ్చుకొని ఒక్కొక్క కాయ ఏరింది. పుచ్చు కనవడితే తీసెయ్యమనేది.”

“చెత్తల పోతయని తెలిసి?”

“తెలిసే. నేను గూడ లొల్లి వెట్టుకున్న. ఎవరు తింటున్నరని గీ పానం తీసుకునుడు, ఇగ బంద్ జెయ్యవే అవ్వా అన్న.”

“ఏమన్నది?”

“వద్దులే తమ్మీ. కూర తీసేస్త, చారు పోసుకొని తిను.”

“అక్కా, ఏమన్నదో చెప్పు.”

“‘సంచి అందిందని చెప్పనీకె వాడు వారానికొకపారి ఫోన్ జేస్తడు బిడ్డా. సంచి బంద్ జేస్తే, వాడు నాకు ఫోన్ ఎందుకు జేస్తడు’ అన్నది.”