వేషం వద్దన్న రుద్రమదేవి

వార్షికోత్సవం రేపనగా చోళులూ చాళుక్యులూ కాకతీయులూ ఇంకా అట్టముక్కలుగానే ఉన్నారు. స్టాఫ్ రూములో ఒక్కతీ కూర్చుని కిరీటాలకు బంగారు కాగితం అంటించుకుంటున్న సోషల్ టీచరు ఉమాశ్రీ, గుమ్మంలోంచి ఎవరో క్షమాపణ చెప్పుకోవడం విని తలెత్తింది.

"...మీరే పెద్ద మనసు చేసుకోవాలండి టీచర్ గారూ. చిన్నపిల్ల, తెలీక చేసింది."

"ఎవరండీ మీరు? ఏ పిల్ల సంగతి?"

"లక్ష్మీదుర్గ వాళ్లమ్మనండి, తలుపులమ్మని. ఏడో క్లాసు దుర్గండి. మొగల్తూరు అవతల, సముద్రపొడ్డు నుంచి వస్తుందండి."

"దుర్గా... ఆఁ, దుర్గ. లోపలికి రండి, కూర్చోండి. ఫ్యాన్ వేస్తానుండండి."

"వద్దండి, మీ బంగారు కాగితాలన్నీ ఎగిరిపోతాయి. చేపలమ్ముకుని అటునుంచి ఇటే వచ్చేశానండి. ఈ మాట చెప్పుకోకపోతే నాకు అన్నం సయించదు."

"ఏ మాటండీ?"

"రాణి వేషం సంగతండి. అంతమందిలో మా పిల్లని ఎంచి మీరు రుద్రమదేవి వేషం ఇస్తే, వద్దందంట కదండీ."

"వద్దందా?"

"అదే చెప్పిందండి. 'స్టేజీ అంటే భయమేసిందమ్మా, నేనే వద్దన్నాను, టీచర్ గారు ఇంకో అమ్మాయికిచ్చారు' అంది."

"అలా... అలా చెప్పిందా ఇంట్లో?"

"భయమేంటండీ దానికి! నెల్లాళ్లు మా ఇంట్లో రాజ్యమేలిందండి. వలల కుప్ప మీద కూర్చుని, వాళ్ల నాన్నని మంత్రిని చేసి, నన్నేమో తగువు తెచ్చినదాన్ని చేసి తీర్పులు చెప్పిందండి. రాణీగారూ అంటే ఒప్పుకునేది కాదు. 'ఆవిడ మగపేరుతో ఏలింది, రుద్రదేవ మహారాజా అనాలి' అనేది."

"అవునండీ. శాసనాల్లో అలాగే ఉంటుంది."

"'మన నిడదవోలు కోడలేనమ్మా ఆవిడ, చాళుక్యుల అబ్బాయిని చేసుకుంది' అంది. నిడదవోలులో రైలు మారాను గానీ అంత గొప్పోళ్లున్న ఊరని నాకేం తెలుసండీ!"

"క్లాసులో ఒక్కసారే చెప్పాను ఆ మాట."

"మీరేం చెప్పినా దానికి అంతేనండి. మా టీచర్ గారు, మా టీచర్ గారు... రోజంతా అదే పాట. అలాంటిది మీకే ఎదురు చెప్పిందంటే నాకు తల కొట్టేసినట్టయిందండి."

"తలుపులమ్మ గారూ, అది... అంత పెద్ద విషయం కాదులెండి."

"మీరు మంచోరు కాబట్టి అలా అంటున్నారు."

"అది కాదండీ, అసలు..."

"మేడమ్! వంశాలన్నీ కూలిపోతున్నాయి మేడమ్!"

"ఏమైంది డ్రిల్లు మాస్టారూ?"

"రాజరాజనరేంద్రుడికి జ్వరమంట, రానని ఫోన్ చేశాడు. బాగ్దాద్ ఖలీఫాకి గడ్డం ఊడొస్తోంది. చైనా చక్రవర్తి మన చోళరాజుని కొట్టాడు. అవన్నీ నేను చూసుకుంటాను గానీ, ఈ వెల్వెట్ కోటు మన కొత్త రుద్రమ వర్షిణికి కాళ్లదాకా ఉంది మేడమ్. దుర్గ కొలతకి తెప్పించాం కదా."

"పిన్నులు పెట్టండి."

"కోటుకి పెడతాను. డైలాగులకి పెట్టలేను కదా మేడమ్! ఒక్కటీ రావట్లేదు ఆ అమ్మాయికి. పోనీ మళ్లీ దుర్గనే..."

"విజయ్ పాల్ గారూ, తర్వాత మాట్లాడదాం. మీరు వెళ్లండి."

"సరే మేడమ్, మీ ఇష్టం."

"చూశారా అండీ, మా పిల్ల మూలంగా ఎంత ఇబ్బందో మీకు!"

"ఇంట్లో... ఇంట్లో ఎలా ఉంటోందండీ దుర్గ?"

"ఏం చెప్పమంటారు. చేపలకూర వండితే కంచం తోసేస్తుందండి. పొద్దునా సాయంత్రం సబ్బు అరిగేదాకా రుద్దుకుంటోంది. యూనిఫారం మా బట్టల్తో కలిపి ఉతకనివ్వదు. తీసుకెళ్లి వాళ్ల పెద్దమ్మగారింట్లో దండెం మీద ఆరేసుకుంటోందండి. ఏం పొగరండీ ఇది?"

"పొగరు కాదండీ."

"పొగరేనండి. అందుకే వెంటబెట్టుకొచ్చాను. వరండా చివర నుంచోబెట్టాను. మీ కాళ్లకి దణ్ణం పెట్టిస్తాను. రేపు ప్రేయర్లో అందరి ముందూ తప్పయిందని చెప్పిస్తాను. ఒసే దుర్గా..."

"పిలవకండి!"

"అదేంటండీ?"

"పిలవకండి తలుపులమ్మ గారూ. దుర్గ వద్దనలేదు. నేనే తీసేశాను."

"మీరా అండీ? మాటలు సరిగా చెప్పలేదా?"

"అందరికంటే బాగా చెప్పింది."

"మరి?"

"రిహార్సల్లో మంత్రి వేషం పిల్ల దుర్గ పక్కన నుంచోనంది. ముక్కు మూసుకుంది. ఇంకో ఇద్దరు కూడా మూసుకున్నారు. నేను వాళ్లని కోప్పడాలి కదండీ."

"ముక్కెందుకు మూసుకున్నారండీ?"

"నేను దుర్గనే అన్నాను. 'రాణీగారి దర్బారులో చేపల వాసనేంటమ్మా, అద్దె కోటుకి పడితే మళ్లీ పోతుందా' అన్నాను. పిల్లలంతా నవ్వారు."

"మీరూ నవ్వారా అండీ?"

"నవ్వానండీ."

"ఓహో."

"అంతకుముందు రోజే పాఠం చెప్పాను. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు, సముద్రం మీద వచ్చేవాళ్ల సొత్తు ముట్టుకోము, భయపడకండి అని మోటుపల్లి రేవులో రాతి మీద రాయించాడని. దుర్గ లేచి 'మాలాంటి వాళ్లక్కూడానా టీచర్' అనడిగింది. అవునమ్మా అన్నాను. సిగ్గేస్తోందండీ నాకు. మీరొచ్చి తప్పయిందంటుంటే ఇంతసేపూ నోరు మూసుకుని విన్నాను చూడండి, దానికి ఇంకా సిగ్గేస్తోంది."

"అది నా గంప వాసనండి. దానిదేం కాదు. నా పక్కలోనే పడుకుంటుంది కదండీ."

"అలా అనకండి. దుర్గని పిలవండి. తప్పయిందని నేనే చెబుతాను. రేపు వేషం దుర్గదే."

"ఉండండి టీచర్ గారూ, అప్పుడే పిలవనండి. మీకంటే ముందు నేను చెప్పుకోవాలండి దానికి. ఎందుకొద్దన్నావో చెప్పవే, చెప్పేదాకా వదలనని నిన్న చీపురు తిరగేశానండి. పుల్లలన్నీ ఊడొచ్చేదాకా కొట్టాను. నా మొహంలోకి చూసి ఏడ్చింది గానీ, ఆ మాట మాత్రం నాతో అనలేదండి."