ఉరికినకొద్ది పెరిగిన దమ్ము

ఎవరు, డ్రిల్ సారు రాజలింగమా? గాయిన పోయి ఎన్నేండ్లాయె. పొద్దుగాల నువ్వు గడియారం సూస్కుంట ఉరుకుతుంటె నాకూ గాయినే యాదికొస్తడు, కూసో. డెబ్బై ఒకటో ఏడు గావొచ్చు, కాదు, రెండో. బోధన్ల చెరుకు ఆడే సీజన్. ముత్తన్న అని, ఫ్యాక్టరీల బండ్లకెల్లి చెరుకు దించెటోడు, వానకాలమంత మంచానవడి లేసిండు. కూలోల్లను పనిల వెట్టుకునే జమేదారేమో 'దగ్గెటోనికి దమ్ముంటదా, పో' అన్నడు. సీజన్ పని పోతె ఆని ఇంట్ల పొయ్యి ఎలగది. సారు ఊకుంటడా? ఆయినకు దేన్నన్న కొలవాలె. బడి పోరగాండ్ల మెడలు సుత కొలిచెటోడు, ఎందుకో ఆయినకే ఎరుక. గప్పుడే పేపర్ల సదివిండట, పన్నెండు నిమిషాలు ఉరికియ్యాలె, ఎంత దూరమురికితె గంత దమ్మున్నట్టని. జమేదారు తానకు వోయి, 'నీ మాటొద్దు, నా మాటొద్దు, కొలుద్దాం' అన్నడు. 'కొలువు సారూ, నన్ను మాత్రం ఉరకమనకు' అన్నడట జమేదారు పొట్ట సవరించుకుంట. నవ్వకు, ఆ పొట్ట గట్లనే ఉండె.

బడి కాడ జాగ లేదు, మక్కలు ఆరవోసిండ్రు. ఫ్యాక్టరీ గేటు ముంగట చెరుకు బండ్ల లైనుంటది గదా, గండ్ల ఒక బండి చక్రానికి ఎర్రగ జాజు పూసిండు సారు. 'ముత్తన్నా, గేటు కాడికెల్లి గీ బండి దాంక ఉరుకు, మల్ల గేటుకు రా. ఎన్నిసార్లు తిరిగితె గంత నీ దమ్ము.' మొదటి తిరుగుడుకే ముత్తన్న నాలుక బయటికొచ్చింది. రెండోది జల్ది ఒడిసింది. తర్వాతది ఇంకా జల్ది. సారు పరేషాన్. 'అరె, వీనికి ఉరికినకొద్ది దమ్ము పెరుగుతున్నది' అని గడియారం చెవి కాడ వెట్టుకొని ఇంటున్నడు. లైను జరుగుతున్నది, జాజు బండే గేటు దిక్కు వస్తున్నది అన్న సోయి ఒక్కనికన్న ఉండాలె గదా. బండ్లోల్లు ఈలలేసుడే.

ఆఖరికి జాజు బండి గేటు దాటి లోపట్కి వోయింది. ముత్తన్నకు సారు మాటే మాట, బండెనక ఆడు సుత లోపట్కి ఉరికిండు. లోపటోల్లకు గీ కొలతల ముచ్చట ఏమెరుక? 'బండొస్తె సూస్కుంట నిలవడ్డవేంది, దించు' అన్నరు. దించిండు. దగ్గుకుంటనే ఎనక బండి సుత దించిండు. జమేదారు అచ్చి సూసెటాలకు ఆడు ఇంకో బండెక్కి ఉన్నడు. ఎట్ల దిగుమంటడు? ఆ సీజనంత దించిండు ముత్తన్న.

సారుకు మాత్రం కొలత తేలలే. పండ్లూడినంక సుత అడిగెటోడు, 'ఇంతకు ఆని దమ్ము ఎంతనే?' అని. పని దొరికింది గదా సారూ అంటె, 'పని సంగతి గాదయ్యా' అనెటోడు. నాకూ సమజ్ గాలే. లోపట్కి వోయిందేమో బండి పుణ్యాన, దించిందేమో ఆని దమ్ముతోనేనా... అంత ఉరికినంక గన్ని బండ్లు... ఏమో.

నీ బూట్లు లోపట వెట్టుకో, కుక్క ఎత్కవోతది.