వాతావరణం అనుకూలించక

ముందుగదిలో భార్య, భర్త, గోడకు ఆనించిన సైకిలు. ఉదయం ఏడున్నర.

“...అదీగాక ఈ చలికాలాన్ని నమ్మడానికి లేదు. నిన్న పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వడగళ్ళు. ఇవాళ నా ఉద్దేశంలో ఈదురుగాలి.”

“ఆకు కూడా కదలడం లేదండీ.”

“వీస్తుంది. నా మోకాళ్ళు చెబుతున్నాయి.”

“మీ మోకాళ్ళు మొన్న వాన అన్నాయి. రైన్‌కోటులో ఉడికిపోయి వచ్చారు. ఇంకో పావుగంటలో మీ పెద్దాఫీసరుగారు వస్తారు. ఆ మూడో స్వెట్టరు విప్పండి.”

“ఆయన్ని ఎవరు రమ్మన్నారు?”

“మీరే. మీటింగులో లేచి, వానైనా మంచైనా సైకిలు మానలేదని చెప్పింది ఎవరు? ఆయన ముచ్చటపడి, రేపు నీతోపాటు నేనూ వస్తానన్నారని మురిసిపోయింది ఎవరు?”

“సైకిలుతో వస్తున్నానన్నాను. దాని మీద ఎక్కించింది విన్నవాళ్ళు.”

“ఏమిటో ఆ తేడా?”

“ఏం లేదు. వడగళ్ళేమో చూడు.”

“చినుకులు. అవీ ఆగిపోయాయి. ఏవండీ, ఒక మాట అడగనా?”

“వద్దు.”

“మూడు నెలల్లో రెండు జతల బూట్లు అరగదీశారు. సైకిలు సీటుకున్న ప్లాస్టిక్ కవరు మాత్రం ఇంకా నలగలేదు.”

“నేను మెల్లగా కూర్చుంటాను.”

“ఏవండీ.”

“సరే. నడిపించుకునే వెళుతున్నాను. మూడు కిలోమీటర్లు. రోజూ ఎక్కుదామనే బయలుదేరతాను. ఎక్కబోయే ముందు ఒకసారి ఆకాశం చూస్తాను. చూడగానే లోపల ఒకడు, ఇవాళ వద్దులే అంటాడు.”

“ఎవడా ఒకడు?”

“చాలా మర్యాదస్తుడు. భయమని ఒక్కసారీ అనడు. వాతావరణం అంటాడు.”

“నేర్చుకుంటే పోయేది కదా?”

“నలభై ఆరేళ్ళవాడు వీధిలో పడితే నవ్వుతారు. నడిపించుకుంటూ పోతే, పాపం పంక్చరైంది అనుకుంటారు. ఒకాయనైతే పంపు పట్టుకుని చాలా దూరం వెంటపడ్డాడు.”

“ఇప్పుడేం చేస్తారు?”

“నాకు జ్వరమని చెప్పు.”

“చెమటలు కారుతున్నాయి కాబట్టి నమ్ముతారు. కానీ నేను చెప్పను. మీరే చెప్పండి, నిజం. పోతే పరువు పోతుంది. మంచులో మూడు కిలోమీటర్లు ఆ ఇనుమును తోసుకెళ్ళే బాధైనా తప్పుతుంది.”

“రేపట్నుంచి ఆఫీసులో తలెత్తుకోలేను.”

“అదిగో, వచ్చేశారు. అరె, అదేమిటి?”

“ఏమిటి?”

“ఆయన ఒక్కరే కాదు. వెనక ఇంకో నలుగురు. అందరివీ కొత్త సైకిళ్ళే. అందరూ నడిపించుకుంటూ వస్తున్నారు.”

“నవ్వుతున్నారా?”

“వణుకుతున్నారు. వెళ్ళి తలుపు తీయండి.”

“నువ్వు తీయి.”

“నేను తీయను.”

“...నమస్కారమండీ. లోపలికి రండి.”

“లోపలికెందుకయ్యా, ఎండ కూడా వచ్చింది. నీ మాట విని వీళ్ళూ నేనూ తలా ఒకటి కొన్నాం. పద.”

“సార్, మీరేమీ అనుకోకపోతే... నాకు సైకిలు తొక్కడం రాదు.”

“ఏమన్నావ్?”

“రాదండీ. ఒక్కరోజు కూడా ఎక్కలేదు.”

“అయితే మాకెవరు నేర్పుతారయ్యా?”