నెట్లో పెట్టిన శీలావతులు

2001, రోహిణి కార్తె. హనుమాన్ జంక్షన్‌లో సొలొమోను టీ కొట్టు ముందు పెద్దింట్లమ్మ రెండు పెట్టెల శీలావతి చేపలు దింపుకుని కూర్చుంది. తెల్లారగట్ల వాళ్ళ చెరువులో పట్టినవి. కలకత్తా పోయే ఐసు లారీ ఎదురుగానే ఆగి ఉంది. ఎక్కించనివ్వకుండా ఆపినవాడు కొట్టు బల్ల మీద టీ తాగుతున్న కాశీరావు. లారీ వాళ్ళు తూకంలో తినేస్తున్నారని ఆమెకూ కడుపుమంట, అందుకే ఆగింది.

"లారీ ఎందుకక్కా? నిన్న పద్మశ్రీ గారి ఇంటర్నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని నీ చేపల మీద ప్రకటన పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీ చల్లారకముందే కలకత్తా నుంచి జవాబు. చేప తాజాదేనా అని. ఇంకా చెరువులో ఈదుతోందండీ, అంతకంటే తాజా ఏముంటుందని రాశాను!"

"ఇంగ్లీషులోనే?" అన్నాడు సొలొమోను.

"వేళ్ళు పద్మశ్రీ గారివి, బుర్ర నాది. ఇంతలో దుబాయ్ షేకు వేలంపాట పెంచాడు. సింగపూరు వాళ్ళు అతని మీద పాడారు. కంప్యూటరు వేడెక్కి చేపల వాసన కొట్టిందంటే నమ్ము, వీధిలో పిల్లులన్నీ సెంటరు మెట్లెక్కాయి. సింగపూర్లోనూ ఎక్కాయట, వాళ్ళే రాశారు."

లారీ క్లీనరు కేకేశాడు. "ఎక్కిస్తావా లేదా, పెద్దింట్లమ్మా?"

"ఉండవయ్యా!" అని కాశీరావే జవాబిచ్చాడు.

"అది సరే, చేప సింగపూరు ఎట్టా పోద్ది?" అందామె.

"పాత వ్యాపారానికీ దీనికీ అదే తేడా అక్కా. చేప కదలక్కర్లా, కబురు కదిలితే చాలు. బొంబాయి షేర్ల వాళ్ళయితే మన చేపల మీద కంపెనీ పెడదామని ఏమన్నారో తెలుసా? ఒక్క చేప కూడా అమ్మకండి కాశీరావు గారూ, అమ్మితే మన బండారం తెలిసిపోద్ది, అమ్మకుండా ఉంటేనే కంపెనీ విలువ పెరుగుద్ది అన్నారు. కొల్లేరు మొత్తానికీ విలువ కట్టారు, కొంగలతో సహా!"

"కొంగలెందుకురా?" అన్నాడు పక్క బల్ల మీది జక్కయ్య, టీ గ్లాసు దించి.

"ఉద్యోగుల కింద రాసుకున్నారు బాబాయ్. ఒంటికాలి మీద నిలబడి చేప కోసం కాచుకునే అనుభవం ఇంకెవరికుంది?"

అందరూ నవ్వుతుండగా లారీ కదిలింది. పెద్దింట్లమ్మ లేచి నాలుగడుగులు వేసి, దుమ్ము చూస్తూ నిలబడిపోయింది.

అప్పుడొచ్చింది పద్మశ్రీ, చేతిలో కాగితంతో.

"కాశీరావు గారూ, మీ ప్రకటనకి జవాబు వచ్చిందండీ. ఒక్కటే."

"చదవండి, అందరూ వింటారు! దుబాయా, సింగపూరా?"

ఆమె చదివింది. "'మీ చేపల సంగతి చూశాను. మా దగ్గరా మూడు పెట్టెల శీలావతులు మిగిలినవి. మీరేమైనా కొంటారా? ఇట్లు, బాలశౌరి, సైకిలు షాపు పక్కన, హనుమాన్ జంక్షన్.'"

రోడ్డుకి అవతల, తన పెట్టెల మీద కూర్చున్న బాలశౌరి చెయ్యూపాడు.

కాశీరావు తగ్గలేదు. "చూశావా అక్కా, జవాబు ఎంత తొందరగా వచ్చిందో!"

"ఇక్కణ్ణించి నేను కేకేసినా వినేవాడు గదరా!" అంది పెద్దింట్లమ్మ.

మరో లారీ మర్నాటిదాకా లేదు. జంక్షన్‌లో నాలుగు చేపలు అమ్ముడయ్యాయి. ఐసు పన్నెండింటికల్లా నీరైంది. మిగిలిన ముప్పై రెండు కిలోలూ సాయంత్రం కొబ్బరి పాదుల్లో పూడ్చారు.