తాడు కట్టిన కంది ముక్క: ఎల్లస్వామి గారి పదవీ విరమణ వేళ

– ఎం. ఐలేశం, ఆఫీస్ సబార్డినేట్

2018 చలికాలంలో ఎల్లస్వామి గారు ఆ కంది తూకం రాయకుండా ఉండవలసింది. రాశారు. మా ఊరికి అన్యాయం జరిగింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

శ్రీ ఎల్లస్వామి గారు 2014 జూలై పద్నాలుగవ తేదీన, కొత్త రాష్ట్రం ఏర్పడిన నెలన్నరకు, కోస్గికి ఆవల ఉన్న మా మండల గణాంక కార్యాలయంలో అధికారిగా బాధ్యతలు స్వీకరించారు. అంతకు ముందు చాలాకాలం నల్లగొండ జిల్లాలో సేవలందించారు. సొంత భూమి లేని కుటుంబంలో జన్మించి, తల్లి జానమ్మ గారు పరుల చేలల్లో కంది కోసి చదివించగా ఉద్యోగం సాధించిన ఆయనకు, పంట అంటే పట్టికలోని అంకె మాత్రమే కాదని మేమందరం ఎరుగుదుము.

ఆయన వచ్చిన ఏడు మా మండలంలో కంది సాళ్ల నడుమ జొన్న కనిపించేది. తరువాత జొన్న తగ్గింది, పత్తి పెరిగింది, నీరు అందిన చోటల్లా వరి పరుచుకున్నది. జొన్నరొట్టె తప్ప మరొకటి ముట్టని ఇళ్లవారు జొన్నలు అంగట్లో కొనుక్కునే రోజు వచ్చింది. కందిపప్పు పిరమైన ఏడు అందరూ కంది వేశారు. మరుసటి ఏడు ధర పడిపోయింది. ఆపై ఏడు సగం మంది మానుకున్నారు. ఈ మార్పులన్నింటినీ శ్రద్ధతో నమోదు చేసి పై అధికారుల మన్ననలు పొందిన ఎల్లస్వామి గారు, ఒక సాయంత్రం పట్టిక ముందర పెట్టుకుని అన్నారు: "ఎకరానికి పంట పెరిగింది ఐలేశం. ఏసేటోళ్లు తగ్గిండ్రు. గిది పెరుగుడా, తరుగుడా? నాకైతే సమజ్ అయితలేదు."

ఆఫీసులో చాయ్ చల్లారింది.

పంట కోత ప్రయోగం గురించి సారు కుటుంబ సభ్యులకు తెలియకపోవచ్చు. ఏ చేనులో కోయాలో లాటరీ చెబుతుంది. ఆ చేనులో ఒక ముక్కకు మేకులు కొట్టి తాడు కడతారు. కోతనాడు ఆ ముక్కలోని పంటను అందరి ఎదుట కొట్టి తూకం వేస్తారు. అటువంటి కొన్ని ముక్కల సగటే ఊరి దిగుబడి. అది తక్కువైతేనే రైతులకు పంటల బీమా వస్తుంది.

2018లో వానలు లేవు. మా ఊరి కంది పూత మీదనే ఎండింది. ఊరంతా బీమా మీద ఆశ పెట్టుకున్నది. లాటరీలో ఒక ముక్క బీరన్న చేనులో పడింది. దాని పక్క చేను ఈ వ్యాసకర్తది. ఈ వ్యాసకర్త పొద్దుటి బస్సుకు ఆఫీసుకు పోయేవాడు. చేను చూసుకునేది భార్య సత్తమ్మ.

కోతనాడు అందరం పోయాము. చేనంతా మాడిపోయి ఉన్నది. తాడు కట్టిన ముక్క మాత్రం కాయలతో వంగి ఉన్నది. కింద నేల తడిగా ఉన్నది.

బీరన్న నవ్వాడు. "నేను దున్నిన కాడ ఎండింది సారూ. సర్కారు తాడు కట్టిన కాడ కాసింది. మొత్తం చేనుకు కట్టకపోతిరి."

సత్తమ్మ ముందుకు వచ్చింది. ఆమె ముఖంలో సంతోషం ఉన్నది. "నేనే పోసిన సారూ. మా బోరుల బిందెడు బిందెడు ఊరుతాంది. గొర్లను గూడ రానియ్యలే. మీ ముక్క ఎండితే ఆఫీసుకు నామోషి గాదా?"

ఆమె తెలివితక్కువది కాదు. అంతకు ముందు వ్యవసాయశాఖ వారు మా ఊళ్లో ఇట్లాగే తాడు కట్టి కొత్త విత్తనం వేయించారు. అది బాగా పండితే మీటింగు పెట్టి ఊరిని మెచ్చుకున్నారు. ఇదీ అదేనని ఆమె అనుకున్నది. ఏ తాడు దేనికో ఊరికి ఎవరూ చెప్పలేదు.

ఈ వ్యాసకర్త సారును పక్కకు పిలిచాడు. "గీ ముక్కను లెక్కలకెల్లి తీసెయ్యుండ్రి సార్. గిది చేను గాదు, మా ఆమె పెంచిన పెరడు."

"లాటరీ పడ్డంక ముక్క మార్చే అధికారం నాకు లేదు ఐలేశం. నీళ్లు పోసిండ్రని పక్కన రాస్త."

రాశారు. పైన ఆ మాటను ఎవరూ చదవలేదు, తూకమే చదివారు. ఆ ఒక్క ముక్క సగటును పైకి గుంజింది. ఊరికి బీమా రాలేదు.

ఎల్లస్వామి గారు మా ఇంటికి వచ్చారు. వేరే అధికారి వచ్చి ఉండేవాడు కాదు. సత్తమ్మ చాయ్ ఇచ్చి నిలబడే అడిగింది.

"నీళ్లు పోసుడు తప్పా సారూ?"

"తప్పు గాదమ్మా."

"మరి మీరు రాసుడు తప్పా?"

"అది గూడ గాదు."

"మరి ఊరోళ్లు ఎవలను తిట్టాలె?"

ఊరివాళ్లకు మాత్రం ఆ సందేహం కలగలేదు. సత్తమ్మను "సర్కారు కందికి నీళ్లు పోసినామె" అన్నారు. రెండేళ్లు బస్సుకాడ ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. తరువాత ఆమె కామెర్లతో పోయింది. కందికీ కామెర్లకూ సంబంధం లేదు. కందికీ ఆ రెండేళ్లకూ ఉన్నది.

ఆ మరుసటి సీజను నుండి ఎల్లస్వామి గారు ఎక్కడ మేకు కొట్టినా, ముందు ఊరిని కూర్చోబెట్టి, ఈ తాడు దేనికో, ఈ ముక్కను ఎందుకు ముట్టకూడదో ఓపికగా వివరించడం ఒక వ్రతంగా పెట్టుకున్నారు. మా రాష్ట్రంలో ఆ బీమా ఆగిపోయిన తరువాత కూడా మానలేదు. నిరుడు ఒక ఊళ్లో ఈదమ్మ అనే రైతు, "బీమనే లేకపాయె, ఇంకెందుకు చెప్తున్నవ్ సారూ?" అన్నది. ఆయన తికమకపడి, "అప్పుడు చెప్పలే గదమ్మా" అన్నారు. ఆమెకేమీ అర్థం కాలేదు. తాడూ మేకులూ పట్టుకున్న ఈ వ్యాసకర్తకు అర్థమైంది. వంగి మేకు కొట్టాడు.

ఈ సావనీరు సంచిక బాధ్యత చూస్తున్న శైలజ మేడం మంచి సంగతి ఒకటి రాయమన్నారు. ఇది మంచిదో కాదో ఈ వ్యాసకర్తకు తెలియదు. ఆయన గురించి మరిచిపోలేనిది ఇదే.

చేలగట్ల మీద తిరిగి అరిగిన ఆయన మోకాళ్లకు ఇకనైనా విశ్రాంతి లభించాలి. శ్రీ ఎల్లస్వామి గారు సతీమణి గ్రేస్ గారితో కలిసి, ఒకరిని విడిచి ఒకరు ఉండే దినం రాకుండా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలి. ఈ మాట మర్యాదకు రాసింది కాదు. ఆయన తప్పు చేయలేదని అందరూ అంటారు. కావచ్చు. సత్తమ్మ కూడా చేయలేదు. ఈ రెండూ ఎట్లా కలుస్తాయో ఈ వ్యాసకర్తకు తెలియలేదు. ఆయనను క్షమించడమూ చేతకాలేదు. రేపటి సభలో దండ వేస్తాడు, చేయి కలుపుతాడు. ఈ సంగతి ఎవరూ ఎత్తవద్దు. ఎత్తినా, దీని గురించి ఈ వ్యాసకర్త ఆయనతో గానీ మరెవరితో గానీ ఇక ఎన్నడూ మాట్లాడడు.