చంటిపిల్లల స్కానింగు గది తాళంచెవి

మీరంతా ఈరోజు ఇక్కడికి ఒక గదికి తాళం వెయ్యడానికి వచ్చారు. ఈ చప్పట్లన్నీ ఆ చప్పుడు వినబడకుండా ఉండటానికే.

అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటు గారికి, వేదిక మీది పెద్దలకు, నాతో పాటు ఈ ఆసుపత్రిలో అరిగిపోయిన మిత్రులకు నమస్కారాలు. అలా చూడకండి సార్, పిల్లల డాక్టరుని మాట్లాడమని పిలిచింది మీరే. (నవ్వులు)

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా స్కానింగు డాక్టరుగారిని అందరూ 'ష్ అక్క' అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరంతో కాగిన పసివాళ్ళలో కొందరికి, మూత్రం వెనక్కి కిడ్నీలకు ఎగదన్నుతోందేమో చూడటానికి, సన్నటి గొట్టంతో మూత్రసంచిలోకి మందు ఎక్కించి, పిల్ల పాస్ పోసే క్షణంలో ఎక్స్‌రే తియ్యాలి. పిల్ల పొయ్యదు. మేమంతా ఎక్స్‌రే తగలకుండా సీసపు ఆప్రాన్లు తగిలించుకుని బిగుసుకుపోయి నిలబడితే, ఈవిడ కుళాయి తిప్పి, "ష్... ష్... పొయ్యి తల్లీ, పొయ్యి బంగారం" అని బతిమాలేది. ఒకసారి పిల్ల పొయ్యలేదు గాని మా టెక్నీషియన్ బయటికి పరిగెత్తాడు. (నవ్వులు) పేరు చెప్పన్లే తమ్ముడూ, కూర్చో.

అయినా ఆ గొట్టం జోలికి ఊరికే వెళ్ళే మనిషి కాదు. "ఉన్న పరీక్షలన్నీ చేసెయ్యండి డాక్టరమ్మా" అని ఒక తండ్రి గొడవకు దిగితే, "ముందు అమ్మ ఒళ్ళోనే ఉంచి పొట్ట మీద స్కాన్ చేద్దాం నాయనా. అందులో తేడా ఉంటేనో, జ్వరం తిరగబెడితేనో మిగతాది చూద్దాం. దాన్నెందుకు ఏడిపించడం? కావాలంటే నన్ను తిట్టుకో" అంది.

కిందటేడు అక్క మోకాలి ఆపరేషనుకి సెలవు పెట్టింది. అక్క నడిపే చంటిపిల్లల స్కానింగు గది మూసేసి పసివాళ్ళను పెద్దల క్యూలో కలిపేశారు. అదిగో, మూడో వరసలో కూర్చున్న ఆ తల్లి, కూతుర్ని భుజాన వేసుకుని, కిడ్నీ రాళ్ళ నొప్పుల పెద్దమనుషుల వెనక వాయిదా మీద వాయిదా వేయించుకుంది. వంతు రాకముందే జ్వరం మళ్ళీ వచ్చింది. స్కాన్ చేసేసరికి ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. తర్వాత దాని మీద మచ్చ తేలింది. ఆ మచ్చ పోదు. సెలవు నుంచి వచ్చిన అక్క ఆ ఫిల్ము చూసి, నాతో ఒక్క మాటే అంది: "క్యూలో నిలబడ్డానికి దానికి కాళ్ళెక్కడివే?"

రేపటి నుంచి ఆ గదిలో ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల కౌంటరు పెడతారట. సభ అయ్యాక అక్క తన సంచిలోని తాళంచెవి సూపరింటెండెంటు గారికి అప్పగించాలట. అక్కా, నీ గురించి నాలుగు మంచి మాటలు రాసుకొచ్చాను, చదవలేను. నువ్వు వెళ్తున్నందుకు దిగులుగా ఉంది. నువ్వు గుమ్మం దాటకముందే నీ పని తుడిచేస్తున్నందుకు ఒళ్ళు మండుతోంది.

నా కోపాన్ని ఇంతసేపు భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. అడగవలసినవి అడిగి సెలవు తీసుకుంటాను.

ఆ గది పసిపిల్లలకే ఉండాలి.

ఈ జబ్బుతో వచ్చిన చంటిబిడ్డను పెద్దల క్యూలో నిలబెట్టకూడదు.

అవసరం లేని గొట్టం ఏ బిడ్డకూ వెయ్యకూడదు. వెయ్యక తప్పనప్పుడు తల్లిని బయటికి గెంటకూడదు.

అక్క కుర్చీలో పిల్లల స్కానింగు తెలిసిన మనిషినే కూర్చోబెట్టాలి.

అక్కా, చివరిది నీకు. వీళ్ళు ఇవన్నీ ఒప్పుకునేదాకా ఆ తాళంచెవి సంచిలోంచి తియ్యకు.

సెలవు.