ఇంకొంచెం మాస్టారు

అమ్మా, అయ్యా, పనులు మానుకుని ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. మన ఫిజియోథెరపీ మాస్టారు పోయి ఇవాళ్టికి వారం. ఆయన భార్యకూ, కూతురికీ నా సానుభూతి. ఈ మాట మనసారా అంటున్నాను. ఇంకో మాట కూడా దాచను. ఈ జనాన్ని చూస్తుంటే నాకు కడుపు మండుతోంది. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా?

నవ్వకండి. ఇరవై రెండేళ్ళు ఒకే ఆసుపత్రిలో పనిచేశాం. మోకాలిలో తెగిన లిగమెంటు తీసేసి, తొడ వెనకనుంచి తెచ్చిన స్నాయువును అక్కడ అమర్చేది నేను. గంటన్నర పని. ఆ కాలిని తొమ్మిది నెలలు వంచి, చాచి, నడిపించేది ఆయన. మరి పేరెవరికి వచ్చింది? నా పేరు మీలో ఎందరికి గుర్తుంది? ఆయనకు మాత్రం ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు, ఇంకొంచెం మాస్టారని!

వరండా చివర ఆయన గది. మీరు వెల్లకిలా పడుకుని, కాలు గోడకు ఎత్తిపెట్టి, మోకాలు వంచుతూ మడమ కిందికి జార్చేవారు. ఎక్కడిదాకా వస్తే అక్కడ ఆయన పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసేవారు. "ఇంకొంచెం నాన్నా, నిన్నటి గీత నిన్ను చూసి నవ్వుతోంది" అనేవారు. మీరు అబ్బా అని అరిచి, మరుక్షణం పకపకా నవ్వేవారు. నా గదిలో ఏనాడూ ఎవరూ నవ్వలేదు. ఆ గోడకు సున్నం వేయించమని పైవాళ్ళకు రెండుసార్లు ఉత్తరం రాసింది ఎవరనుకున్నారు? నేనే. సున్నం వేసిన మర్నాడే ఆయన కొత్త గీత గీసి, నన్ను పిలిచి మరీ చూపించారు. "గోడ తెల్లబడింది డాక్టరుగారూ, గీత బాగా కనబడుతోంది. మీ పుణ్యమే."

ఇప్పుడు అసలు సంగతి. మూడో వరసలో కండక్టరమ్మ కూర్చున్నారు. అమ్మా, మీకే చెబుతున్నాను. పదేళ్ళ కిందట మీ మోకాలికి ఆపరేషన్ చేసింది నేను. కళ్ళు తెరవగానే మీరు అడిగిన మొదటి మాట, "ఇంకొంచెం మాస్టారు ఎప్పుడొస్తారు?" నాకు ఒళ్ళు మండింది. నేను సంతకం చేసిన చీటీ చేరితే తప్ప ఆయన ఎవరి కాలూ ముట్టుకోకూడదు, అది మా ఆసుపత్రి పద్ధతి. మీ చీటీ రాశాను. రాసి నా సొరుగులో పడేశాను. ఒక్క వారం ఆగనీ, ఎవరు గొప్పో తెలుస్తుంది అనుకున్నాను. వారం కాస్తా ఆరు వారాలైంది. మీరు ఇంట్లో కబురు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. కాలు కొయ్యబారిపోయింది. బస్సు మెట్టు ఎక్కలేని కండక్టరును ఉద్యోగంలో ఎవరు ఉంచుకుంటారు?

చివరికి నా నర్సు ఆ చీటీ చూసి ఆయన చేతికిచ్చింది. ఆయన తిన్నగా మీ ఇంటికి వచ్చారు. "నా దగ్గరే ఉండిపోయింది తల్లీ, మరిచిపోయాను, తప్పు నాదే" అన్నారు. మీరు నోటికొచ్చినట్టు తిట్టారట. ఆయన తలొంచుకుని పడ్డారు. ఏడాదిపాటు రోజూ డ్యూటీకి ముందే వచ్చి మీ కాలు వంచారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడి తేలికపడేవాణ్ణి కదా! ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహానుభావుడు.

అమ్మా, ఆయన మరిచిపోలేదు. చీటీ దాచింది నేను. నన్ను క్షమించమని అడగను. ఆయన మీద పడిన నింద తీసెయ్యండి, చాలు.

ఆయన ఆఖరి పరీక్ష మీకందరికీ గుర్తుందిగా? పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవమనేవారు. అలా లేచినవాళ్ళకే ఆయన దగ్గర సెలవు. ఇవాళ కూడా అలాగే లేద్దాం. కుర్చీ పట్టుకోవద్దు, పక్కవాళ్ళ భుజం పట్టుకోవద్దు. లేచి రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. కండక్టరమ్మా, ముందు మీరు. ఆయన మాట ఈ ఒక్కసారికి నేను వాడుకుంటాను, ఏమీ అనుకోకండి.

ఇంకొంచెం తల్లీ. ఇంకొంచెం.